మేకలు తినగా మిగిలిన ఫ్లెక్సీ

బానోతు గేమ్యాకు ఊపిరి తక్కువ, నోరు ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో కాపురం చేయవలసి రావడం వల్ల, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో పెద్ద రోడ్డుకు లోపలగా ఉన్న గుండ్లబోడు తండాలో అతనంత బాగా జోకు చెప్పేవాడు మరొకడు లేకుండా పోయాడు. నాలుగు మాటలు అనేసరికి అతనికి ఊపిరి అందదు. ఆగాలి. ఆగినంతసేపూ వినేవాళ్లు ఐదో మాట కోసం మెడలు చాచి కూర్చుంటారు. జోకులో ఎక్కడ ఆగాలో యాభై రెండేళ్ల గేమ్యాకు తెలియదు, అతని ఊపిరితిత్తులకు తెలుసు.

అయితే ఆ వినేవాళ్లు నాలుగు గజాల దూరంలో కూర్చునేవారు. ఎందుకంటే గేమ్యాకు టీబీ అని తండా అంతా తీర్మానించుకుని మూడేళ్లయింది.

తీర్మానం తండాది కాదు, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానది. దామరచర్లలో కరెంటు ప్లాంటు పనికి వెళ్లే బావమరిది ఆ దవాఖానను సిఫారసు చేశాడు. అక్కడ కంప్యూటరు ముందున్న పిల్ల తల ఎత్తకుండా అడిగింది: "ఏం పని?"

"కూలి," అన్నాడు గేమ్యా.

ఆ పిల్ల "వ్యవసాయ కూలీ" అని కొట్టింది. తప్పు ఆమెది కూడా కాదు. ఈ ప్రాంతంలో పత్తి ఏరినా కూలే, మిరప తెంపినా కూలే, సిమెంటు బస్తాలు మోసినా, కొండను పిండి చేసినా కూలే. ఏం చేశావని అడిగితే ఎవరూ పని పేరు చెప్పరు, కూలికి పోయినమంటారు. ఉపాధి హామీ కార్డు మీదా, రేషన్ కాగితం మీదా, మూడు దవాఖానల చీటీల మీదా గేమ్యా వ్యవసాయ కూలీయే. కాగితాలను నమ్మితే, అతను తన జీవితంలో ఒక్క గులకరాయిని కూడా ముట్టుకోలేదు.

వ్యవసాయ కూలీ దగ్గితే టీబీ. కళ్లె పరీక్షలో ఏమీ దొరకలేదు. దొరకకపోయినా ఆరు నెలలు మందులు వాడించారు. తగ్గలేదు కాబట్టి రోగం మొండిదని తేల్చి, మరో ఎనిమిది నెలలు వాడించారు. మూత్రం నారింజరంగుకు తిరిగింది, కడుపు మండింది, దగ్గు మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

"నాకు మందులు పడ్తలేవు," అనేవాడు గేమ్యా. కాసేపు ఆగి, ఊపిరి పట్టుకుని, "మందులకే... నేను పడ్తలేను," అనేవాడు.

నాలుగు గజాల అవతల నుంచి అందరూ నవ్వేవారు.

నవ్వనిది అతని భార్య మోతీబాయి ఒక్కతే. దవాఖానవాళ్లు చెప్పారని, మనుమరాలి గోళ్లరంగు తెచ్చి అతని స్టీలు గ్లాసు అడుగున ఎర్రటి చుక్క పెట్టింది కూడా ఆమే. ఆ గ్లాసు వేరు, ఆ పళ్లెం వేరు, ఆ మంచం వేరు. కొడుకు ప్రవీణ్ కోదాడలో ఆటో నడుపుతాడు. అతని కూతురు సోనీకి ఐదేళ్లు. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తాత ఒడిలోంచి లేపి తీసుకుపోయారు, మళ్లీ కూర్చోబెట్టలేదు. సోనీ ఇప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడి, ఈత కొట్టేవాడు లోతు చూసుకున్నట్టు, తాత మంచం వైపు ఒక కాలు చాపి, వెంటనే వెనక్కు తీసుకునేది. గేమ్యాకు రోగం మీద ఉన్న కోపమంతా ఆ వెనక్కు తీసుకున్న కాలి దగ్గరే ఉండేది. దాని మీద మాత్రం అతను జోకు వేయలేకపోయాడు.

చివరకు ఒకరోజు గడప దాటడానికే రెండుసార్లు కూర్చోవలసి వచ్చేసరికి ప్రవీణ్ అతన్ని ఆటోలో వేసుకుని సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు స్రవంతి. కొత్తగా వచ్చిన మనిషి, అందుకని ఇంకా ప్రశ్నలు అడుగుతుంది.

"ఏం పని చేస్తరు పెద్దాయనా?"

"కూలి."

"ఏం కూలి?"

ఆ రెండో ప్రశ్న గేమ్యాను మూడేళ్లలో ఎవరూ అడగలేదు. అతను కొంచెం తికమకపడ్డాడు.

"కంకర కూలి మేడం. క్రషర్ల."

"ఎన్నేండ్లు?"

"పద్నాలుగు."

స్రవంతి కలం కింద పెట్టింది. ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గేమ్యాకు అందులో కనిపించింది మబ్బు. ఆమెకు కనిపించింది జయశంఖం క్రషర్.

జయశంఖం క్రషర్‌లో గేమ్యా జల్లెడ దగ్గర మనిషి. పై నుంచి బండలు పడతాయి, ఇనప దవడ నములుతుంది, తిరిగే రబ్బరు పట్టా మోసుకొస్తుంది, జల్లెడ ఊగుతుంది. ఊగే జల్లెడలో రాయి ఇరుక్కుంటే ఇనపరాడ్డుతో పొడిచి వదిలించాలి. పెద్ద కంకర ఒక కుప్ప, చిన్న కంకర ఒక కుప్ప, చిట్టచివరన డస్టు ఇంకో కుప్ప. లారీ ఎక్కనంత సన్నటి దుమ్ము ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు. అది గేమ్యాలోకి పోయేది. దుమ్ము అణచడానికి నీళ్లు చల్లాలని చట్టంలో ఉంది, కాబట్టి క్రషర్‌లో పైపు ఉండేది. తనిఖీ జరిగే రోజున అందులో నీళ్లు కూడా ఉండేవి. ముఖానికి కట్టుకోవడానికి ఎవరి రుమాలు వారిదే, ఎవరి ముక్కు వారిదే.

"ఇది టీబీ కాదు," అన్నది స్రవంతి. "రాతిదుమ్ము. సిలికోసిస్ అంటరు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు."

గేమ్యా మిగిలినదంతా వదిలేసి చివరిమాటనే పట్టుకున్నాడు. "అంటుకోదా?"

"అస్సలు అంటుకోదు."

"మా మనుమరాలు... ఒళ్ల కూసుంటే?"

"కూసోనియ్యి. ఆ పిల్లతోనే ముచ్చట పెట్టు. నీకు అదే మందు."

ప్రవీణ్ మాత్రం అంత తేలికగా వదల్లేదు. "దుమ్ము పోయి మూడేండ్లాయె మేడం. పని బంద్ పెట్టిండు గదా. ఇంక ఎందుకు పెరుగుతున్నది?"

స్రవంతి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఊపిరితిత్తులల్ల కాపలా కణాలు ఉంటయి. బయటనుంచి ఏది వచ్చినా మింగేసి అరిగించుడే వాటి పని. సూక్ష్మజీవి వస్తే మింగుతయి, అరిగిస్తయి. రాయి వస్తే మింగుతయి గానీ అరగదు. లోపల పొట్ట పగిలి ఆ కణం సచ్చిపోతది. సచ్చేటప్పుడు సుట్టుపక్కలకు కేక పెట్టి పోతది. ఆ కేకతోనే వాపు వస్తది. రాయేమో మళ్ల బయటపడ్తది, అరగలేదు గదా. అప్పుడు ఇంకో కాపలా కణం వస్తది, అదే రాయిని మింగుతది..."

"అదీ సస్తది," అన్నాడు గేమ్యా.

"అవును. సచ్చినచోటల్లా గట్టి మచ్చ పడ్తది. మచ్చ పడ్డచోట గాలి ఆడదు."

గేమ్యా ఎక్స్‌రే వైపు చూశాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

"మా క్రషర్ లెక్కనే ఉన్నది మేడం... ఒకడు పడిపోతే... ఇంకొకన్ని తెస్తరు." మళ్లీ ఆగాడు. "రాయి మాత్రం... అదే."

స్రవంతి నవ్వబోయి మానుకుంది.

దీనికి మందు లేదని, దగ్గు తగ్గించడానికీ ఊపిరి ఆడడానికీ ఏవో ఇస్తానని చెప్పింది. రాతిదుమ్ము అని పక్కాగా కాగితం మీద రావాలంటే మాత్రం డాక్టర్ల బోర్డు కూర్చోవాలి. బోర్డు రాయాలంటే ఆ దుమ్ములో పనిచేసినట్టు రుజువు ఉండాలి. లేకపోతే "పాత టీబీ మచ్చలు" అని రాసి పంపిస్తారు.

"మనిషి ఊపిరితిత్తుల్ల రాయి ఉంటే, అది రుజువు కాదా?" అన్నాడు ప్రవీణ్.

"అది రోగానికి రుజువు. పనికి రుజువు వేరే కావాలె."

రాయి ఉన్నది, రాయి ఎట్లా వచ్చిందన్నది లేదు. పత్తి ఏరుతూ మింగి ఉండవచ్చునని ప్రభుత్వం అనుకునే అవకాశం ఉన్నది.

సూర్యాపేటలో కార్మిక అధికారి శోభారాణి దగ్గర దరఖాస్తు పెట్టారు. ఆమె జయశంఖం యజమాని నాగేందర్‌ను హాజరీ పుస్తకంతో రమ్మని నోటీసు పంపింది. నాగేందర్ తెల్ల చొక్కాతో, పుస్తకంతో, ఇద్దరు అనుచరులతో వచ్చాడు. అప్పటికి ఆయన క్రషర్ యజమాని మాత్రమే కాదు, జడ్పీటీసీ టికెట్టు ఆశిస్తున్న ప్రజాబంధువు కూడా. కార్యాలయానికి ఎదురుగా రోడ్డు మీద ఆయన బొమ్మ నిలువెత్తున వేలాడుతున్నది. హాజరీ పుస్తకం పద్నాలుగేళ్ల లెక్కలదైనా ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, మొన్ననే కుట్టినంత నిగనిగలాడుతున్నది. అందులో గేమ్యా పేరు లేదు.

"ఈ మనిషిని ఎక్కడో సూసినట్టే ఉన్నది మేడం," అన్నాడు నాగేందర్ కళ్లు చికిలించి. "ఆఁ... మేకలు కాసుకుంట మా జాగలకొస్తుండె."

"పద్నాలుగేండ్లు వచ్చిండా?"

"మేకలు గదా మేడం. వాటికి తారీఖులు ఏం తెలుస్తయి."

అనుచరులు నవ్వారు. తనకు రావలసిన నవ్వును వేరొకడు ఎత్తుకుపోవడం గేమ్యాకు కష్టంగా తోచింది. ఏదో అనబోయాడు, దగ్గు అడ్డం వచ్చింది.

సాక్షులున్నారా అని శోభారాణి అడిగింది. సాక్షులు కావలసినవాళ్లలో సగం మంది ఒడిశా నుంచి వచ్చి, దగ్గు పట్టుకోగానే ఒడిశాకే వెళ్లిపోయారు. మిగిలిన సగం ఇప్పటికీ ఆ క్రషర్‌లోనే పనిచేస్తున్నారు, కాబట్టి వాళ్లకు ఏమీ గుర్తు లేదు. పదిహేను రోజులు గడువిచ్చి, ఏదైనా రాతపూర్వక ఆధారం తెమ్మన్నది.

రాతపూర్వక ఆధారం! చదువురానివాళ్లను రాతపూర్వకంగా నిరూపించుకోమనే ఈ చమత్కారాన్ని కనిపెట్టినవాడెవడో గానీ, గేమ్యాకంటే గట్టి జోకులు వేయగలవాడై ఉండాలి.

గడువులో తొమ్మిది రోజులు ఇంట్లోని సందూక పెట్టెలు తిరగేయడంలోనే గడిచాయి. పదో రోజు మధ్యాహ్నం వాన పడింది. తాత ఒడి దొరకని సోనీకి ఆ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు మేకల కొట్టం. వాన పడుతుంటే మేకపిల్లల మధ్య వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్న పిల్ల, అక్కడినుంచే అరిచింది.

"దాదా! నువ్వు మేకల మీద ఉన్నవ్!"

"ఏందే?"

"పైన ఉన్నవ్. నీ మొకమంత తెల్లగున్నది. పిండి పూసుకున్నవా?"

గేమ్యా మంచం మీద లేచి కూర్చున్నాడు. మోతీబాయి చేతిలో చేట పక్కకు పడేసి కొట్టంలోకి దూరింది. ఒక్క నిమిషం తరువాత లోపలినుంచి ఆమె గొంతు వచ్చింది.

"ఓ ముసలోడా! నీ రుజువు మీద మూడేండ్ల సంది వాన కురుస్తున్నదిరో!"

సంగతి ఏమిటంటే, ఈ ప్రాంతంలో ఏ ఫ్లెక్సీ అయినా రెండు జన్మలెత్తుతుంది. మొదటి జన్మలో నాయకుణ్ణి మోస్తుంది. రెండో జన్మలో మేకలకో, గడ్డివాముకో కప్పవుతుంది. రెండో జన్మలోనే దానివల్ల లోకానికి ఏదైనా ఉపయోగం. గేమ్యా పనిచేసిన చివరి దసరాకు, నాగేందర్‌కు తండా ఓట్ల మీద మొదటిసారి మనసు పోయింది. ఆయుధపూజ నాడు గుమ్మడికాయ కొట్టించి, గేమ్యాకు శాలువా కప్పించి, జల్లెడ పక్కన నిలబెట్టి ఫొటో తీయించాడు. ఫొటోవాడు ముఖం తుడవబోతే, వద్దు, దుమ్ముతోనే బాగుందని తానే ఆపాడు. అది ఫ్లెక్సీ అయి క్రషర్ గేటుకు నెల రోజులు వేలాడింది. దించిన రోజున మోతీబాయి గేటు దగ్గర కాచుకుని, మడతపెట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చి, కొట్టానికి బొమ్మ లోపలికి వచ్చేటట్టు కప్పింది. ఇంకో నాలుగు నెలలకు గేమ్యా జల్లెడ దగ్గర కూలబడ్డాడు. ఆ గొడవలో ఫ్లెక్సీ ఎవరికీ గుర్తు రాలేదు, దానికిందే నిద్రపోయే మేకలకు తప్ప.

గడువు చివరి రోజున ప్రవీణ్ ఆటో టాపు మీద కట్టుకుని ఫ్లెక్సీని సూర్యాపేట తెచ్చాడు. శోభారాణి గదిలో, మళ్లీ పిలిపించిన నాగేందర్ ఎదుట విప్పితే మూడు టేబుళ్లు నిండి, నాలుగో టేబులు మీదకు జారింది. గది నిండా మేకల వాసన. గుమాస్తాలు కిటికీలు తెరిచారు.

జయశంఖం కుటుంబం తరఫున దసరా శుభాకాంక్షలు అని పైన. "కుటుంబం"లో చివరి సున్నా, బకారం మేకలు తినేశాయి. "కుటుం" మిగిలింది. కింద, జల్లెడ పక్కన, పిండిబొమ్మలాగా తెల్లగా, రుమాలు మెడకు దిగజారి, శాలువాతో గేమ్యా. దానికింద పెద్ద అక్షరాలలో: "పద్నాలుగేళ్లుగా జల్లెడ దగ్గర అలుపెరుగని సేవ చేస్తున్న శ్రీ బానోతు గేమ్యా నాయక్ గారికి ఘన సన్మానం. ఇట్లు, మీ నాగేందరన్న."

గేమ్యాను జన్మలో "గారు" అన్నది ఆ ఫ్లెక్సీ ఒక్కటే.

ఫ్లెక్సీ అంచున, మేకలు కొరికిన చోట, ఒక గంప, ఆ గంపను పట్టుకున్న ఒక చెయ్యి మిగిలి ఉన్నాయి. శోభారాణి వంగి చూసింది.

"ఈ చెయ్యి ఎవరిది?"

"నాదే మేడం," అన్నది మోతీబాయి. "పదకొండేండ్లు డస్టు గంపలు మోసిన. మిగిలిన నన్ను మేక తిన్నది."

శోభారాణి నవ్వింది. తరువాత ఏదో గుర్తుకు వచ్చినట్టు నవ్వు ఆపేసి, ఆ చెయ్యి గురించి కూడా ఒక వాక్యం రాసుకుంది.

నాగేందర్ చొక్కా కాలరు సవరించుకున్నాడు. "మేడం, ఇదేం రుజువు మేడం? ఫ్లెక్సీల మీద రాసిందంత నిజమైతదా? ఏదో పబ్లిసిటీకి రాస్తం. చదివేటోళ్లకు తెల్వదా?"

గేమ్యా మెల్లగా చెయ్యి ఎత్తి, తెరిచిన కిటికీలోంచి బయటకు చూపించాడు. రోడ్డుకు అవతల నిలువెత్తు నాగేందర్ రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఆయన పాదాల కింద ఎర్రటి అక్షరాలు: "నాగేందరన్న మాట, నిజానికి మారుపేరు."

"అయితే సేటూ..." అన్నాడు గేమ్యా.

ఊపిరి ఆగింది. గది మొత్తం మెడ చాచింది. గుమాస్తాలు, బంట్రోతు, వేరే కేసుకు వచ్చిన ఇటుకబట్టీ యజమాని, అందరూ. చాలా పొడుగైన విరామం అది.

"...గదీ అబద్ధమేనా?"

ముందుగా నవ్వింది నాగేందర్ అనుచరుడే. అన్న హాజరైనప్పటి ఫొటోలు, వీడియోలు గ్రూపుల్లో పెట్టడానికి ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు పాపం. ఫోనులో వీడియో ఇంకా తిరుగుతూనే ఉన్నది.

"చెప్పండి నాగేందర్ గారూ," అన్నది శోభారాణి కలం తీసి, ఏమాత్రం నవ్వకుండా. "మీ ఫ్లెక్సీల్లో ఏవి నిజం, ఏవి కావు, విడివిడిగా చెప్తే రాసుకుంటాను."

నాగేందర్ కిటికీ వైపు చూశాడు. ఫోను వైపు చూశాడు. గేమ్యా ఒక ఓటు. బయట వేలాడుతున్న ఆ వాక్యం మండలం ఓట్లన్నీ.

"పనిచేసిండు మేడం," అన్నాడు చివరకు. "పనిచేసింది నిజమే. పుస్తకంల ఎట్ల మిస్సయ్యిందో మా గుమాస్తాను అడగాలె."

నెలన్నరకు బోర్డు కాగితం వచ్చింది. "సిలికోసిస్. టీబీ లేదు." పరిహారం దరఖాస్తు ఇంకో టేబులు మీదకు పోయి అక్కడ కూర్చున్నది, దాని ఆయాసం దానిది. గేమ్యాకు మాత్రం ఆ కాగితం చాలు. దాన్ని మడతపెట్టకుండా ఆటోలో ఒడిలో పెట్టుకుని తండాకు తెచ్చుకున్నాడు.

మోతీబాయి కాగితాన్ని ఇటూ అటూ తిప్పింది. లోపలికి వెళ్లి, సోనీ గోళ్లరంగు సీసా తెచ్చి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇంట్లో ఉన్న గ్లాసులన్నిటికీ అడుగున ఎర్రచుక్క పెట్టేసింది. "ఇగ ఏది ఎవనిదో సూస్త," అన్నది.

ఇల్లు ఒప్పుకున్నది గానీ తండా ఒప్పుకోలేదు. కాగితం ఇంగ్లీషులో ఉన్నది. "గా పేరు మేం ఎన్నడు ఇనలే," అన్నది పక్కింటి అలివేలు. "టీబీకే కొత్త పేరు పెట్టిండ్రేమో. పిల్లలున్న ఇల్లు, జర దూరం పెట్టుండ్రి." అది విని ప్రవీణ్ భార్య మళ్లీ జంకింది. సోనీ కాలు మళ్లీ గుమ్మం దగ్గర ఆగింది.

గేమ్యా ఒకరోజంతా ఆలోచించాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని నమ్మని మనుషులు దేన్ని నమ్ముతారో అతనికి తెలుసు.

కోదాడ బస్టాండు దగ్గర శ్రీను ఫ్లెక్సీ దుకాణం. శ్రీను విషయం విని తల గోక్కున్నాడు. "బాబాయ్, ఫ్లెక్సీ మీద రోగం పేరు ఎవరన్నా వేయించుకుంటారా చెప్పు? అసలు శుభాకాంక్షలు లేకుండా ఫ్లెక్సీ ఎలా వేస్తాం? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"అయితే శుభాకాంక్షలు... ఎయ్యి."

"నా బొమ్మ గూడ ఎయ్యి," అన్నది వెనకనుంచి మోతీబాయి. "నిండుగ ఎయ్యి. గంపతోని. పేరు పక్కన గారు."

లంబాడాల గురువు సేవాలాల్ జయంతి ముందురోజు అది తండా మొదట్లో, బోరు దగ్గర, రెండు కర్రల మధ్య వెలిసింది. "తండావాసులందరికీ సేవాలాల్ మహారాజ్ జయంతి శుభాకాంక్షలు. నాకు టీబీ లేదు, నాది క్రషర్ దుమ్ము, ఎవరికీ అంటుకోదు. ఇట్లు, జల్లెడ దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసిన శ్రీ బానోతు గేమ్యా నాయక్ గారు, డస్టు గంపలు పదకొండేళ్లు మోసిన శ్రీమతి బానోతు మోతీబాయి గారు."

బడిపిల్లలు పైకి చదివి వినిపించారు. అలివేలు నీళ్లబిందె దింపి రెండుసార్లు చదివించుకున్నది. "ఫ్లెక్సీ మీదనే ఏసిండ్రంటే..." అన్నది చివరకు, వాక్యం పూర్తి చేయకుండానే ఒప్పుకున్నట్టు.

కర్రల పక్కన మంచం వేసుకుని గేమ్యా కూర్చున్నాడు. మోతీబాయి టీ తెచ్చింది, అన్నీ చుక్క గ్లాసులే. సోనీ వచ్చి, ఈసారి లోతు చూసుకోకుండా, రెండు కాళ్లతో ఒక్కసారే ఒళ్లోకి దూకింది. ఆ బరువుకు గేమ్యాకు ఉన్న కొద్దిపాటి ఊపిరీ పోయినంత పనయింది.

"వీటిల నీ గిలాస ఏది దాదా?"

గేమ్యా చెప్పబోయాడు, ఊపిరి అందలేదు. సోనీ ఆగకుండా ఒకటి ఎత్తి తాగేసి, చక్కెర తక్కువైందని మూతి ముడిచింది.

ఫ్లెక్సీ తాడు ముడి బిగిస్తున్న మోతీబాయి ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. గేమ్యా టీ గ్లాసు దించి ఆమె వైపు చూశాడు. ఆ దగ్గు అతనికి బాగా తెలుసు, దానితో మూడేళ్లు కాపురం చేశాడు.

"రేపు సూర్యాపేట పోదాం," అన్నాడు. "నీకు గూడ... ఎక్స్‌రే."

"పోదాం తియ్యి," అన్నది మోతీబాయి తిరిగి చూడకుండా. "ముందుగాల ప్రవీణ్‌గాన్ని పిలువు. గీ తాడు ఇంకో మూరెడు పైకి కట్టాలె. ఈసారి మేకకు అందొద్దు."